గంప కింద రొట్టె

"ఎంతమందమ్మా?" అని అడిగింది హోటల్ అమ్మాయి.

"ఒక్కదాన్నే" అన్నాను.

ఏటివైపు వేసిన బల్లలన్నీ నలుగురు కూర్చునేవి. ఒక్క మనిషికి అక్కడ చోటివ్వరట. గోడవైపు, చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఒక చిన్న బల్ల చూపించింది. తుంగభద్రను ఇంకొక్కసారి చూడాలని ఆదోనిలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో ఇంకో బస్సు మారి వచ్చిన మనిషిని, సబ్బునీళ్ళ మరకలు చూస్తూ కూర్చున్నాను. నా వయసు ఆడది ఒంటరిగా హోటలుకు వస్తే జనం ఒకసారి తలెత్తి చూస్తారు, కాస్త జాలిపడతారు, మళ్ళీ ఫోన్లలోకి వెళ్ళిపోతారు. ఆ జాలి నాకు అలవాటే. అలవాటైనంత మాత్రాన ఒళ్ళు మండకుండా ఉండదు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జి చెప్పాను. ఆ అమ్మాయి నా పేరు, ఫోన్ నంబరు కూడా అడిగింది.

"ఎందుకమ్మా?"

"మళ్ళొస్తే గుర్తుంటాది గదమ్మా."

ఈ రేవులో ఒకప్పుడు అన్నం పెట్టే ముందు పేరు అడగడం తప్పు. ఆ సంగతి ఈ పిల్లకు ఎవరు చెప్తారు? నంబరు చెప్పి ఊరుకున్నాను. ఉగ్గాని వచ్చింది. బొరుగులు మెత్తగా నానాయి, పుట్నాలపొడి బాగా పట్టింది, ఉప్పు మాత్రం తక్కువైంది.

"ఎట్లుందమ్మా?" అంది ఆ పిల్ల.

"బాగుంది" అన్నాను.

తింటూ తలెత్తితే పైకప్పు నుంచి ఒక పాత పుట్టి బోర్లా వేలాడుతోంది. ఏరు దాటడానికి వెదురుబద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు కప్పే పడవ అది. దాని కడుపులో ఎర్ర బల్బులు పెట్టారు. వచ్చిన పిల్లలు దాని కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నాకైతే అది పుట్టిలా కనిపించలేదు. మా చిన్నవ్వ అరుగు మీద బోర్లించిన గంపలా కనిపించింది. అంతే, చేతిలో బజ్జి చల్లారిపోయింది.

* * *

ఆ ఏడు మా అమ్మకు జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆదోనిలో ఆస్పత్రి మంచం మీద అమ్మ, ఆమె పక్కన కింద చాప మీద నాన్న. పిల్లల్ని చుట్టాలు పంచుకున్నారు. తమ్ముణ్ణి మేనమామ తీసుకుపోయాడు. నేను చిన్నవ్వ పాలయ్యాను. చిన్నవ్వ అంటే మా అమ్మమ్మకు చెల్లెలు. ఈ రేవు వీధిలో చివరి ఇల్లు ఆమెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నదల్లా ఒక గుంత మగ్గం, ఆ మగ్గం చప్పుడు.

నాన్న నన్ను దించిపోయిన రోజు నేను ఏడవలేదు. ఏడిస్తే అమ్మకు జ్వరం ఎక్కువవుతుందని ఎవరో అన్నారు. అందుకని మింగేశాను. వీధిలో నా ఈడు పిల్లలు ఎక్కువమంది లేరు. ఉన్న ఒకరిద్దరూ ఆస్పత్రి ఇంటి పిల్లనని నాతో ఆడడానికి జంకేవాళ్ళు. ఆ వానాకాలమంతా నాకు తోడు ఆ పాత రేవే.

ఒకప్పుడు అది పెద్ద రేవట. అవతలి గట్టు సరుకంతా అక్కడే దిగేదట. నేను చూసేసరికి రాతి గోదాములు మిగిలాయి, ఒక సుంకం చావడి మిగిలింది, నీళ్ళలోకి దిగే మెట్లు మిగిలాయి. గోదాముల్లో దూరితే పాత పత్తి వాసన, గబ్బిలాల కంపు కలిసి ముక్కులు బద్దలయ్యేవి. అయినా దూరేదాన్ని. చావడి స్తంభాల మీద ఏవో అక్షరాలు చెక్కి ఉండేవి. కొన్ని కన్నడం, కొన్ని ఏ భాషో తెలియదు. వాటి మీద వేలు పెట్టి రాసుకుంటూ అమ్మకు ఉత్తరం రాస్తున్నట్టు అనుకునేదాన్ని. పొద్దున పూట వీధి పొడుగునా సాలెవాళ్ళు పడుగు నూలు చాపి గంజి పట్టించేవాళ్ళు. ఆ గంజి వాసన, ఏటి బురద వాసన, జొన్నరొట్టె కాలే వాసన, ఈ మూడూ కలిస్తే ఆ వీధి. ఇప్పటికీ ఎక్కడైనా గంజి పెట్టిన చీర వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. నవ్వుకోండి.

చిన్నవ్వ మాట కటువు, చెయ్యి చురుకు. ప్రేమగా దగ్గరికి తీసుకోవడం ఆమెకు చేతకాదు. "మే పాపా, యాడ సచ్చినావు పొద్దుననంగా? కండెలెవరు సుడతారు, మీ నాయన వచ్చి సుడతాడా?" అని కేకేసేది. కండె చుట్టడమంటే రాట్నం తిప్పుతూ చిలపలోని, అంటే నూలుకట్టలోని, దారాన్ని చిన్న పుల్ల మీదికి ఎక్కించడం. ఆ పుల్లను నాడెలో పెట్టి, పడుగులో అటూ ఇటూ విసురుతూ ఆమె నేస్తుంది. చుట్టి చుట్టి నా చూపుడు వేలు కోసుకుపోయేది. చిన్నవ్వ పసుపు అద్దేది, మళ్ళీ చుట్టమనేది.

ఆమె వంటలో ఒకటే లోపం. ఉప్పు చాలదు. నేను ఒకసారి నోరు జారితే "నీ నాలిక్కి ఉప్పు మరిగింది, దానికి నేనేం సేసేది?" అని కసిరింది. మళ్ళీ అనలేదు.

* * *

ఆ వీధికి ఒక పద్ధతి ఉండేది. పొద్దు గూకే వేళకు కడ పుట్టి, ఆ రోజుకు ఆఖరిది, అవతలి గట్టుకు వెళ్ళిపోతుంది. అది తప్పిపోయినవాడికి ఆ రాత్రికి ఇక ఏరు దాటే దారి లేదు. అలాంటివాడు ఆకలితో పడుకోకూడదని రేవు వీధిలో ప్రతి ఇంటి అరుగు మీదా రెండు జొన్నరొట్టెలు, ఇంత పుంటికూర, అదే గోంగూర, పెట్టి పైన గంప బోర్లించేవాళ్ళు. పక్కన చెంబుతో నీళ్ళు. ఎవరైనా ఏ అరుగు మీదనైనా కూర్చుని తినొచ్చు. తిన్నవాడు గంపను వెల్లకిలా తిప్పి పెట్టాలి. గంప కిందిది తిన్నవాణ్ణి ఊరూ పేరూ అడగకూడదు, కులం సరేసరి. ఇంటివాళ్ళు బయటికి వచ్చి చూడనుకూడా చూడరు. పొద్దున లేచేసరికి గంప వెల్లకిలా ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళ ముఖాలు వెలిగేవి. బోర్లానే ఉంటే ఆ రొట్టెలు చేపలకు.

మామూలు రోజుల్లో చిన్నవ్వ గంప బోర్లానే ఉండేది. చివరి ఇల్లు కదా, అంతదూరం ఎవరొస్తారు? సంత రోజు మాత్రం ఆమె పద్ధతి మారిపోయేది. మధ్యాహ్నమే మగ్గం గుంతలో నుంచి లేచేది. జొన్నపిండి వేడినీళ్ళతో కలిపి, అరచేత్తో తట్టి తట్టి, పూరీ అంత పలచగా చేసేది. నాకు పెట్టే రొట్టె దళసరి, గంప కిందిది పలచన. వెన్న కూడా దానికే. నేను చూస్తూ మింగేదాన్ని. ఇంకో వింత ఏమిటంటే, ఆ సాయంత్రం రాట్నాన్ని, చిలపల బుట్టను అరుగు మీదే వదిలేసేది. నన్ను ముట్టనిచ్చేది కాదు.

పొద్దున చూస్తే గంప వెల్లకిలా. పక్కన బుట్ట నిండా కండెలు, నున్నగా, బిగువుగా, నేను ఏనాడూ చుట్టలేనంత అందంగా. నా పని అంతా ఎవరో చేసిపెట్టారు! నాకు పట్టలేని సంతోషం. సంత ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఆ రేవులో నేను ఎదురుచూసింది రెంటికే, నాన్న రాకకు, సంత రోజుకు. నాన్న రాలేదు.

ఎవరో చూడాలని ఒక సంత రోజు చావడి స్తంభం చాటున నక్కాను. మనిషి దొరికాడు. తెల్ల మీసాలు, భుజాన మిరపకాయల సంచి ఖాళీ అయి వేలాడుతోంది, తలకు ఎర్ర తువ్వాలు. మెట్ల మీద చతికిలబడి చుట్ట కాలుస్తున్నాడు. ఎదురుగా కడ పుట్టి. అందులో సగం చోటు ఖాళీ.

"వస్తావా, ఏంది పెద్దాయనా?" అని అరిచాడు పుట్టి తాత, తెడ్డు నీళ్ళలో పెట్టి.

"పోతాది పోనీలేప్పా" అన్నాడు ఈయన, చుట్ట నోట్లోంచి తీయకుండా.

పుట్టి వెళ్ళిపోయింది. అది నడి ఏట్లోకి చేరిందాకా చూసి, అప్పుడు లేచాడు. మొదటి ఇంటి అరుగు దాటాడు. రెండో అరుగు దాటాడు. అన్నిచోట్లా గంపలున్నాయి, అన్నీ దాటాడు. చిన్నవ్వ అరుగు మీద కూర్చుని గట్టిగా దగ్గి, గాలితో చెప్పినట్టు చెప్పాడు.

"పుట్టి తప్పిపాయ."

నాకు ఆశ్చర్యం. కళ్ళముందే వదిలేసి తప్పిపోయిందంటాడేమిటి? వెనక గుమ్మంలోంచి దూరి చిన్నవ్వ దగ్గరికి పరిగెత్తాను.

"అవ్వా, ఆయప్ప అబద్ధం సెప్తాండాడు! పుట్టిలో జాగా ఉండాది. పిలిస్తే కూడా పోలేదు. నేను సూసినా!"

చిన్నవ్వ తలుపు వెనక, చీకట్లో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బయట రొట్టె తుంచే చప్పుడు కూడా వినిపించేంత దగ్గరగా.

"నోరు మూసుకోని పండుకో" అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడగా విన్నది అదే మొదటిసారి.

* * *

సంగతి చెప్పింది ఎదురింటి అక్క. ఆమెకు చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది.

"ఆయప్ప మీ చిన్నవ్వకు సొంతన్న, పాపా. అవతలి గట్టు ఊరికి ఇల్లరికం పోయినాడు. మాటల్లేవు ఇద్దరికీ."

వాళ్ళమ్మ పోయిన పెద్దదినం నాడు ఏరు నిండుగా పారుతోందట. వీధిలో ఇంకో పద్ధతి, చావుకైనా పెళ్ళికైనా అవతలి గట్టు నుంచి కడ పుట్టి వచ్చేదాకా విస్తళ్ళు వేయరు. ఆ రోజు పొద్దు వాలిపోతోందని, జనం ఆకలికి తాళలేరని చిన్నవ్వ భర్త తొందరపెట్టి వడ్డించేశాడు. అన్న వచ్చేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. మోకాళ్ళదాకా బురద, తడిగుడ్డలు, గుమ్మంలో నిలబడి "పుట్టి తప్పిపాయ సెల్లా" అన్నాడట. దుఃఖంలో ఉన్న మనిషి, చిన్నవ్వ ఒక్క మాట జారింది. "ఏటి మీదికి తోసేది బాగా నేర్చినావు. రాను మనసు లేక అబద్ధం సెప్తాండావు."

నిజానికి పుట్టి తప్పిపోయింది. ఆయన పుల్లల తెప్ప కట్టుకుని ప్రాణాలకు తెగించి దాటాడు. అది తరువాత తెలిసింది. అప్పటికి మాటలు జరిగిపోయాయి. "ఇంగ ఈ గడప తొక్కను" అన్నాడు ఆయన. "నేను పిలిస్తే గదా, తొక్కేది" అంది ఈమె. ఇద్దరిదీ ఒకే గర్భం, ఒకే మొండితనం.

"మరి వచ్చి తింటాండాడు గదా, అక్కా?"

"అరుగు మీద తింటాండాడు. అరుగు గడపకు బయట గదా? మీ చిన్నవ్వ పిలవల్యా, గంప పెట్టింది. గంప అందరికీ పెడతారు."

నాకు అర్థమైనంత అయింది. ఆ రోజు నమ్మని నిజాన్ని ఆయన ఇప్పుడు వారం వారం అబద్ధంగా తెచ్చి చెబుతున్నాడు, ఈమె వారం వారం నమ్ముతోంది. ఎండాకాలంలో ఏరు ఎండితే జనం ఇసుకలో నడిచి దాటేవాళ్ళు. పుట్టీ ఉండదు, తప్పిపోవడమూ ఉండదు, గంపలు అటకెక్కేవి. ఆ నెలలన్నీ చిన్నవ్వ మగ్గం గుంతలోంచి లేచేది కాదట, మనిషి ఎండిపోయేదట. కొత్తనీళ్ళు వచ్చాయన్న కబురు తెలిస్తే మాత్రం పసుపు, కుంకుమ పట్టుకుని మెట్లమీదికి పరిగెత్తేదట. ఊరంతా వరద అని భయపడుతుంటే ఈమె ఒక్కతే దండం పెట్టేదట, ఇంకా రా తల్లీ అని.

ఆ తరువాత నేను ఆయన అబద్ధం గురించి ఎత్తలేదు. సంత రోజు రాట్నం నేనే తీసుకెళ్ళి అరుగు మీద పెట్టేదాన్ని. అంతకంటే ఏం చేయగలను? తలుపుకు అటు ఆయన, ఇటు ఈమె, మధ్యలో రాట్నం తిరిగే చప్పుడు. ఆ చప్పుడు వింటూ చిన్నవ్వ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేది. నేను ఆమె ఒళ్ళో తల పెడితే తోసేసేది కాదు. ఆ రాత్రుల్లోనే నాకు అమ్మ బతుకుతుందనిపించేది, ఎందుకో చెప్పలేను.

* * *

ఏట్లో అప్పటికే స్తంభాలు లేచి ఉన్నాయి. నేను వాటిని లెక్కపెట్టలేదు, పట్టించుకోనూ లేదు. ఆ వానలు వెనకబడే వేళకు వంతెన పూర్తయింది.

వంతెన తెరిచిన రోజు వీధి వీధంతా పెళ్ళిలా ఉంది. ప్రతి ఇంట్లో ఓళిగలు, అవే బొబ్బట్లు. బస్సుకు బంతిపూల దండలు కట్టారు. జనం ఎక్కి అవతలి గట్టుకు వెళ్ళి, అక్కడ దిగకుండానే మళ్ళీ వచ్చి, కేకలు వేశారు. నేనూ ఎక్కాను. నా జన్మలో అంత గాలి తగల్లేదు. దిగి వచ్చేసరికి చిన్నవ్వ మగ్గం గుంతలో కూర్చుని ఉంది. నేయడం లేదు. నాడె చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంది.

"అవ్వా, బస్సెక్కుదువు రా. యాటిని గుక్క తిప్పుకోనేలోపల దాటిస్తాది."

"ఇంగ ఎవరికీ ఏమీ తప్పిపోదు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. రెండు గట్లనూ కలిపిన వంతెన వీళ్ళిద్దరి మధ్య ఉన్న ఒక్క దారినీ మూసేసింది. పుట్టి లేకపోతే ఆయన ఏం తప్పిపోయిందని వస్తాడు? ఊరికే వస్తే వచ్చినట్టు. ఈమె కబురు పెడితే పిలిచినట్టు.

వీధిలో గంపలు అటకెక్కాయి. "ఇంగెందుకులే, ఎవరు నిల్సిపోతారు?" అన్నారు. కొందరు వాటి కింద కోళ్ళను కమ్మారు. చిన్నవ్వ ఒక్కతే సంత రోజు పలచని రొట్టెలు తట్టి గంప బోర్లించింది. ఎదురింటి అక్క చూసి చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వంతెన మీద బస్సులు పోయాయి, వచ్చాయి. ఎవరూ దగ్గలేదు. పొద్దున గంప బోర్లానే ఉంది. చిలపలు చిలపల్లాగే ఉన్నాయి.

తరువాతి సంతకూ అంతే.

"నేను పోయి పిల్సుకోనొస్తా అవ్వా. నాకు బస్సెక్కేది తెలుసు."

"నువ్వు పిలిస్తే నేను పిల్సినట్టు గాదా?" అని కళ్ళెర్రజేసింది. రొట్టెలు తీసుకుని మెట్లు దిగి నీళ్ళలో వేసింది. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. చెయ్యి పట్టుకుని లేపాను. ఈ మనిషి ఇంకో ఎండాకాలం చూడదని నాకు భయం పట్టుకుంది. ఆస్పత్రిలో అమ్మ, ఇక్కడ చిన్నవ్వ. నాకు ఇంకెవరున్నారు?

మూడో సంత. చిన్నవ్వ రొట్టె తట్టలేదు. నేనే పిండి తీసి ముందు పెట్టాను. తిట్టుకుంటూ తట్టింది. నేను చావడి అరుగెక్కి కూర్చున్నాను. అక్కణ్ణుంచి వంతెన మొదట్లో బస్సాగే చోటు కనిపిస్తుంది.

పొద్దు వాలుతుండగా ఎర్ర తువ్వాలు కనిపించింది. ఒక బస్సు ఆగింది, ఆయన ఎక్కలేదు. దాని వెనకే ఇంకొకటి. అదీ ఎక్కలేదు, చుట్ట ముట్టించుకున్నాడు. అది కదిలి వెళ్ళాక లేచి, తువ్వాలు దులుపుకుని, వీధిలోకి దిగాడు. నేను వెనక గుమ్మంలోంచి పోయి చిన్నవ్వ పక్కన కూలబడ్డాను. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అరుగు మీద దగ్గు వినిపించింది.

"బస్సు తప్పిపాయ."

చిన్నవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆయన ఇంకా గంప ఎత్తనే లేదు, వీధి మొగలో, వంతెన పక్కన, బర్రున హారన్ మోగింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన కడ బస్సు. కండక్టరు సగం బయటికి వేలాడుతూ, మంచి మనిషి పాపం, గొంతు చించుకున్నాడు.

"ఓ పెద్దాయనా! ఇదే కడ బస్సు. నీ కోసరమే ఆపినా, బిరీన రా!"

ఎదురింటి కిటికీలో అక్క కళ్ళు. అరుగు మీద ముసలాయన కదల్లేదు, మెదల్లేదు. ఏమని కదులుతాడు? అబద్ధం హారన్ కొట్టుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

అప్పుడు చిన్నవ్వ లోపలి నుంచి, నా భుజం నొక్కి పట్టుకుని, వీధి చివరిదాకా వినపడేలా అంది.

"పాపా! ఆయప్పకు సెప్పు. ఆ బస్సు ఆయప్ప ఊరికి పోదు."

"పోతాది గదవ్వా!" అని అరిచాడు కండక్టరు. "యాటికి అవతల ఉండేది ఒక్కటే ఊరు!"

"పోదంటే పోదు! నీకేం తెలుస్తాది? నువ్వు పోప్పా!"

బస్సు పోయింది. నేను గుమ్మంలోకి వచ్చి చెప్పాల్సిన మాట చెప్పబోయాను, ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఊరూ పేరూ అడగకూడని ఆ అరుగు మీద, ఆయన ఊరు ఆమెకు తెలుసునని బయటపడిపోయింది. ఆయన గంప ఎత్తాడు. రొట్టె తుంచి, పుంటికూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఇన్నేళ్ళూ ఏం పెట్టినా తిని, గంప తిప్పి, చప్పుడు చేయకుండా వెళ్ళిన మనిషి నన్ను పిలిచాడు.

"పాపా, మీ అవ్వకు సెప్పు. కూరలో ఉప్పు తక్కువయింది. ఈ పొద్దు గాదు, పుట్టినప్పట్నుంచీ దీని సేతికి ఉప్పు రాదు."

లోపల ఏదో కింద పడిన చప్పుడు. చిన్నవ్వ ఉప్పు చట్టి పట్టుకుని వచ్చింది. గడప దాటి బయటికి వచ్చింది. ఆయనే కదా దాటనన్నది, ఈమెకేం అడ్డు? చట్టి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"తిను. నీ నాలిక్కి ఎంత కావాల్నో అంత తిను."

అని ఆయన పక్కనే అరుగు మీద కూలబడి, నేను ఆ వానాకాలమంతా మింగినట్టు కాకుండా, బావురుమని ఏడ్చింది. ఆయన ఎడమచేత్తో ఆమె వీపు నిమురుతూ కుడిచేత్తో తింటూనే ఉన్నాడు. రెండో రొట్టె ఆమె చేతిలో పెట్టాడు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. ఉప్పు ఎక్కువైపోయింది.

* * *

కార్తీకంలో అమ్మ లేచి నడిచింది. నాన్న వచ్చి నన్ను బస్సులో తీసుకుపోయాడు. ఆ అన్నాచెల్లెళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ గడప తొక్కలేదు, ఆమె పిలవలేదు. సంత రోజు అరుగు మీద కూర్చుని తినేవాళ్ళట, ఉప్పు గురించి వీధి వీధంతా వినేలా పోట్లాడుకునేవాళ్ళట.

హోటల్లోంచి బయటికి వచ్చి రేవు వీధిలోకి దిగాను. గోదాములకు కప్పులు లేవు. చావడి ముందు రంగురంగుల పెద్ద అక్షరాలు నిలబెట్టారు, ఫోటోలకు. నేను వేలు పెట్టి రాసుకున్న స్తంభాల మీద సున్నం కొట్టారు. చివరి ఇల్లు లేదు. ఉన్నచోట సిమెంటు రోడ్డు. దానికి పక్కనున్న ఇంటికి మాత్రం సగం అరుగు మిగిలింది. గోడ మీద "జొన్న రొట్టెలు దొరుకును" అని రాసి ఉంది. అరుగు మీద ఒకామె పొయ్యి పెట్టుకుని రొట్టెలు తడుతోంది.

కాళ్ళు నొప్పి పుట్టి ఆ అరుగు మీద కూర్చున్నాను. ఆమె తలెత్తి చూసింది. నేను ఏం చెప్పాలో తెలియక, నోటికి వచ్చింది చెప్పాను.

"బస్సు తప్పిపోయింది."

"ఏం కాదులేమ్మా, ఆటోలు ఉండాయి గదా. ఆ మొగలో నిల్సుకుంటే ఎక్కించుకుంటారు" అంది, నవ్వుతూ. "ఏ ఊరమ్మా మీది?"

"ఆదోని."

"ఎవరో ఒకరు ఎదురుసూస్తాంటారు గదా, బిరీన పోండి."

ఎవరూ ఎదురుచూడటం లేదని చెప్పలేదు. మా ఆయన పోయి చాలా కాలమైంది, తమ్ముడూ పోయాడు. కలిసి తినడం అటుంచి, మాటలు మానేసి కూర్చోవడానికైనా నాకంటూ ఒక మనిషి మిగల్లేదు. చిన్నవ్వకు ఉన్న ఆ ఒక్క భాగ్యం మీద ఈ వయసులో నాకు అసూయ కలిగింది.

ఒక రొట్టె కొనుక్కుని అక్కడే తుంచాను. ఆమె దాని మీద ఇంత శెనగిత్తనాల ఊరుబిండి, అదే పల్లీల పచ్చడి, వేసింది. రొట్టె పలచగా, వేడిగా, అచ్చం ఆ గంప కిందిదే. ఊరుబిండిలో ఉప్పు తక్కువ. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆమె లోపలికి వెళ్ళి ఉప్పు తెస్తుందేమో, తెచ్చి పక్కన కూర్చుంటుందేమో.

"ఎట్లుందమ్మా?" అని అడిగింది.

"బాగుందమ్మా" అన్నాను.